గాడిలో గుడి: 61 ఎల్పీలను కంప్యూటర్‌కి ఎక్కిస్తున్న డైరీ

జనవరి 9

పక్కింటి పెద్దాయన ఈ రోజు నాలుగు అట్టపెట్టెలు మా హాల్లో పెట్టించారు. కూర్చుని లెక్కపెట్టాను. 61 ఎల్పీలు, నిమిషానికి 78 చుట్లు తిరిగే మూడు పాత 78 రికార్డులు. అన్నీ ఒకే తరహావి. ఇంగ్లండ్ కెథడ్రల్ (బిషప్పు ఉండే పెద్ద చర్చి) క్వయర్లు, అంటే పాడే బృందాలు, కాలేజీ చాపెల్ (కాలేజీలోని ప్రార్థన మందిరం) క్వయర్లు, గొట్టాల్లో గాలితో మోగే ఆర్గన్. ఏప్రిల్ నెలాఖరుకి ఆయన కూతురింటికి మారిపోతున్నారు. అక్కడ ఆయనకి ఒక్కటే గది. ఇన్ని రికార్డులు పెట్టుకునే చోటు లేదు, ఒంగి ముల్లు పెట్టే ఓపికా లేదు. "ఇవన్నీ అరచేతిలో పట్టే డబ్బాలోకి వస్తాయంట కదా?" అని అడిగారు. వస్తాయన్నాను. అలా మొదలైంది ఈ పని.

ఆయన చిన్నప్పుడు ట్రెబుల్, అంటే గొంతు మారకముందు పై స్వరం పాడే పిల్లాడు. పెద్దయ్యాక ఒక కెథడ్రల్‌లో ముప్పై ఏళ్లు బేస్, అంటే అన్నిటికన్నా కింది స్వరం, పాడారు. అలా జీతం మీద రోజూ పాడే పెద్దవాళ్లని ఇక్కడ లే క్లర్కులు అంటారు. రోజూ అంటే నిజంగా రోజూ. సాయంకాల ఆరాధన, దాన్నే ఈవెన్‌సాంగ్ అంటారు, వారంలో దాదాపు ప్రతి సాయంత్రమూ ఉంటుంది. వినడానికి పదిమందే వచ్చినా పూర్తిగా పాడతారు.

నేను కేంబ్రిడ్జ్ వచ్చి ఆరేళ్లు. మాది డోర్నకల్. నాన్న గుడిలో క్వయర్‌లో పాడేవారు, హార్మోనియం వాయించేవారు. డోర్నకల్ మొదటి బిషప్పు వి.ఎస్. అజరయ్య గారు 1912లో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి కుటుంబంలో, ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. అంటే నేను పెరిగిన గుడికీ, ఈ ఎల్పీల్లో వినపడే గుళ్లకీ చుట్టరికం ఉంది. పాట మాత్రం వేరు. మాకు తెలుగు కీర్తన, తబలా, చప్పట్లు. ఇక్కడ నాలుగు రకాల గొంతులు, వెనక ఆర్గన్. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు కింగ్స్ కాలేజీ చాపెల్‌లో ఈవెన్‌సాంగ్‌కి ఆగడం నాకు అలవాటైంది. పెద్దాయన నన్ను మొదట చూసింది అక్కడి క్యూలోనే. మేం ఇరుగుపొరుగులమని తర్వాత తెలిసింది.

జనవరి 12

ముందు లెక్క వేసుకున్నాను. ఒక్కో వైపు సగటున 22 నిమిషాలనుకుంటే 61 ఎల్పీలు దాదాపు 45 గంటలు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో తీస్తే నిమిషానికి సుమారు 35 ఎంబీ. మొత్తం 90 జీబీ దాటుతుంది, తర్వాత ఫ్లాక్‌లోకి (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) మార్చుకుంటే తగ్గుతుంది. డిస్క్ ఖరీదు సమస్య కాదు. 45 గంటలు పక్కనే కూర్చుని వినడం సమస్య, అదే ఇందులో ఆనందం కూడా.

టర్న్‌టేబుల్ సెకండ్‌హ్యాండ్‌ది. ముల్లు మాత్రం కొత్తది వేయించాను, బరువు 1.8 గ్రాములకి సర్దాను. తర్వాత వేగం. వేగం చూసే కాగితపు చక్రం మీద 180 గీతలు ఉంటాయి. 50 హెర్ట్జ్ కరెంటు దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది కాబట్టి, పళ్లెం సరిగ్గా నిమిషానికి 33⅓ చుట్లు తిరిగితే ఆ గీతలు కదలకుండా నిలబడినట్టు కనపడాలి. మా ఇంటి ఎల్‌ఈడీ దీపాల కింద గీతలే కనపడలేదు, అంతా బూడిదరంగు మసక. అరగంట తిప్పలు పడ్డాక ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్‌లో వెలిగే చిన్న ఎర్ర నియాన్ దీపం గుర్తొచ్చింది. బోర్డు ఎత్తి చక్రం పక్కన పట్టుకున్నాను. గీతలు నిలబడ్డాయి, కానీ మెల్లగా ముందుకి పాకుతున్నాయి. కాస్త ఎక్కువ వేగం. స్క్రూ తిప్పి సరిచేశాను.

పాటలోని శ్రుతిని బట్టి వేగం సరిచేయొచ్చు కదా అనిపిస్తుంది. ఈ రికార్డులకి అది పనికిరాదు. విక్టోరియా కాలపు ఆర్గన్లు చాలా వాటిని ఇప్పుడు అందరూ వాడే 440 హెర్ట్జ్ శ్రుతికన్నా ఎక్కువలో కట్టారు. పైగా గొట్టంలో గాలి చల్లబడితే శ్రుతి దిగుతుంది, వేడెక్కితే పెరుగుతుంది. జనవరిలో రికార్డు చేసిన ఆర్గన్‌ని 440కి లాగితే నేను పాడుచేసినట్టే.

జనవరి 18

ఈ రోజు తప్పు చేశాను. రాసి పెట్టాలి.

ఎల్పీలు కడిగే నీళ్లు కలుపుకున్నాను. డిస్టిల్డ్ వాటర్, కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక చుక్క సబ్బు. ఎల్పీ వినైల్ కాబట్టి దానికేం కాదు. పదిహేను కడిగాను, గాళ్లలో యాభై ఏళ్ల దుమ్ము బ్రష్‌కి బురదలా వచ్చింది. అదే ఊపులో 78 రికార్డుల్లో ఒకటి తీసి అంచు తుడిచాను. గుడ్డకి నల్లగా అంటింది. దుమ్మనుకుని ఇంకోసారి తుడిచాను. ఇంకా నల్లగా వచ్చింది. అప్పుడు వెలిగింది. 78 రికార్డు లక్కతో చేసింది. మన వడ్రంగులు పాలిష్ కోసం లక్కని కరిగించేది స్పిరిట్‌లోనే. నేను మురికి తుడవడం లేదు, రికార్డునే కరిగిస్తున్నాను. ఈ రికార్డుల కోసం ప్రపంచమంతా వాడిన లక్క ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే. మన లక్కని నేనే గుర్తుపట్టలేకపోయాను.

పాట మొదలయ్యే ముందున్న ఖాళీ గాడి దగ్గరే ఆగాను కాబట్టి పాట బతికింది. వెంటనే వెళ్లి పెద్దాయనకి చెప్పేశాను. ఆయన రికార్డుని వెలుగులో తిప్పి చూసి, "ఇది మా అమ్మది. దీనికి ఇంతకన్నా పెద్ద దెబ్బలే తగిలాయి" అన్నారు. 78లకి ఉత్త డిస్టిల్డ్ వాటరే, లేబుల్ తడవకుండా. డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

జనవరి 25

మొదటి ఎల్పీ పూర్తి. కావాలనే ఇంగ్లీషు సంగీతకర్త హర్బర్ట్ హవెల్స్‌తో మొదలుపెట్టాను. కింగ్స్ క్వయర్, డేవిడ్ విల్‌కాక్స్ నడిపించినది, ఆర్గో అనే రికార్డు కంపెనీది. విల్‌కాక్స్ 1957 నుంచి 1974 దాకా అక్కడ ఉన్నారు. ఆ కాలంలో ఆర్గో తీసిన రికార్డులే కింగ్స్ ధ్వని అంటే ఇదీ అని లోకానికి తెలియజేశాయని నా అభిప్రాయం.

ఇందులో హవెల్స్ 1945లో కింగ్స్ కోసం రాసిన కొలీజియం రెగాలే అనే బాణీ ఉంది. ఈవెన్‌సాంగ్‌లో రోజూ రెండు పాటలు తప్పవు. లూకా సువార్తలో మరియమ్మ పాడిన స్తుతి మాగ్నిఫికాట్, ముసలి సిమెయోను పాడిన నుంక్ దిమిత్తిస్. మాటలు మారవు, బాణీలు వందలున్నాయి. హవెల్స్ బాణీలో మాగ్నిఫికాట్ ట్రెబుల్ పిల్లల గొంతులతోనే మెత్తగా మొదలవుతుంది. పెద్దవాళ్లు వెంటనే రారు. పాడుతున్నది ఒక చిన్నపిల్ల కదా. నుంక్ దిమిత్తిస్ ఒక్క టెనార్ (మగవాళ్లలో పై గొంతు) గొంతుతో మొదలవుతుంది, అది ముసలాయన మాట. ఇంత సులువైన ఆలోచన ఇంత బాగా పనిచేయడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

రికార్డులో బుస బాగా ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ గాడి నుంచి రెండు సెకన్ల బుస నమూనా తీసి, మొత్తం ఫైలు మీద నాయిస్ తగ్గించే పని గట్టిగానే నడిపాను. బుస మాయం. చిటపటలు మాయం. అద్దంలా వచ్చింది. పొంగిపోయి రేపు వినిపిస్తానని పెద్దాయనకి మెసేజ్ పెట్టాను.

జనవరి 26

ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. రెండు నిమిషాలు విన్నారు. మొహంలో ఏమీ లేదు. హెడ్‌ఫోన్స్ తీసి మెల్లగా అడిగారు: "గుడి ఏదీ?"

నాకు అర్థం కాలేదు. మళ్లీ వేయించారు. క్వయర్ గట్టిగా పాడి ఠక్కున ఆపే చోటు చూపించారు. అక్కడ గొంతులు ఆగాక ధ్వని పైకి లేచి, కప్పు కింద తిరిగి, సన్నబడుతూ పోవాలి. నా ఫైల్లో ఒక సెకను ఉండి, నీళ్లలో గవ్వలు కదిలినట్టు ఏదో గలగలమని, ఆగిపోయింది. తర్వాత పూర్తి నిశ్శబ్దం. చాపెల్‌లో అలాంటి నిశ్శబ్దం ఉండదు.

ఆయన వెళ్లాక రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. మోత తగ్గుతూ తగ్గుతూ బుస మట్టానికి వస్తుంది. దాని కింద కూడా చెవి దాన్ని పట్టుకోగలదు. బుసలోంచి పాటని ఏరుకోవడం చెవికి తెలుసు. సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఆ మట్టానికి దిగిన ప్రతిదాన్నీ బుస అనుకుని తీసేసింది. తీసేయమన్నది నేనే. పాట ఉంచి, పాట జరిగిన చోటుని తుడిచేశాను.

ఫైలు చెరిపేశాను.

ఫిబ్రవరి 2

కింగ్స్‌కి వెళ్లాను, ఈసారి ఒక్క పని కోసం. పాట ఆగాక ఏం జరుగుతుందో వినడానికి.

ఈ చాపెల్ పొడవు 88 మీటర్లు, ఎత్తు 24, వెడల్పు 12 మాత్రమే. రాతి గది, పైన విసనకర్రల్లా విచ్చుకున్న రాతి కప్పు. మధ్యలో ఎనిమిదో హెన్రీ కాలపు చెక్క తెర, దాని మీద ఆర్గన్. క్వయర్ రెండు పక్షాలుగా ఎదురెదురుగా నిలబడుతుంది. దక్షిణం వైపు వాళ్లు డెకాని, ఉత్తరం వైపు వాళ్లు కాంటోరిస్. ఒక పక్షం అన్నదానికి రెండో పక్షం బదులిస్తుంది. మధ్యలో కూర్చుంటే మాట ఎడమ నుంచి కుడికి దాటడం తెలుస్తుంది.

చివరి ఆమెన్ తర్వాత మనసులో లెక్కపెట్టాను. దాదాపు ఐదు దాకా. మొదటి రెండు సెకన్లలో అది ఇంకా క్వయరే. తర్వాత గొంతులు విడిగా తెలియవు, ఒక రంగులా మిగులుతుంది. చివర్లో వినపడుతోందో, గుర్తుందో చెప్పలేం. ఎవరూ కదలరు. అది పోయాకే మోకాళ్ల కింది దిండ్లు జరిగే చప్పుడు మొదలవుతుంది.

హవెల్స్ దీన్ని లెక్కలోకి తీసుకుని రాశాడు. ఇవే రెండు పాటలకి 1946లో గ్లౌస్టర్ కెథడ్రల్ కోసం ఒక బాణీ, 1951లో లండన్ సెయింట్ పాల్స్ కోసం ఒకటి రాశాడు. మాటలు అవే. సెయింట్ పాల్స్ గుమ్మటం కింద మోత చాలాసేపు ఉంటుంది కాబట్టి అక్కడ స్వర సమ్మేళనాలు నిదానంగా మారతాయి. తొందరపడితే ముందు స్వరం మీద వెనక స్వరం పడి గందరగోళం అవుతుంది. ఒంటి కొలత తీసుకుని బట్ట కుట్టినట్టు, ఇంటి కొలత తీసుకుని పాట కుట్టాడు. అలాంటి పాటలోంచి ఇంటిని తీసేశాను నేను.

ఫిబ్రవరి 8

మళ్లీ మొదటి నుంచి. ఇక మీద నియమాలు: ఫైలంతటి మీదా నాయిస్ తగ్గింపు వాడను. బుస ఉండనీ. మోనో ఎల్పీలకి ఎడమ కుడి ఛానెళ్లు రెండూ కలిపేస్తాను. గాడిలో నిలువుగా కదిలే గోల చాలావరకు దాంతోనే పోతుంది, పాటకి దెబ్బ తగలదు. చిటపటలు చేత్తో.

చేత్తో ఎందుకంటే, ఆటోమేటిక్‌గా చిటపటలు తీసే పనిని ఒక్క పాట మీద ప్రయత్నించి చూశాను. మాగ్నిఫికాట్‌లో బలవంతుల్ని గద్దెల మీంచి దించాడనే వాక్యం ఉంది. ఇంగ్లీషులో అది 'సీట్' అనే మాటతో ఆగుతుంది. ముప్పైమంది ఆ 'ట్'ని ఒకే క్షణంలో పెట్టడం ఈ క్వయర్ల గొప్ప. తెర మీద పెద్దది చేసి చూస్తే ఆ 'ట్' అచ్చం గీతపడ్డ గాడి శబ్దంలాగే ఉంది, సన్నగా, నిటారుగా. సాఫ్ట్‌వేర్ దాన్ని సగం గీకేసింది. క్వయర్ 'సీ' అని పాడి ఊరుకున్నట్టు వచ్చింది. ఏళ్ల తరబడి పిల్లలకి నేర్పించిన హల్లు అది.

చేత్తో అయితే ఒక్కో చిటపటనీ పెద్దది చేసి, అది ఉన్నంత మేరే ఎంచుకుని, అటూ ఇటూ ఉన్న అలని బట్టి పూరించమంటాను. నేను వాడే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో ఈ రిపేర్ ఒకసారికి 128 శాంపిళ్ల (ధ్వనిని కొలిచిన ఒక్కో బిందువు ఒక శాంపిల్) దాకే పనిచేస్తుంది. 96 కిలోహెర్ట్జ్‌లో అది సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఆ హద్దు నాకు మేలే చేస్తోంది. ఒక వైపుకి రెండు గంటలు పడుతోంది. చిన్న చిటపటల్ని వదిలేస్తున్నాను.

హవెల్స్ మళ్లీ వినిపించాను. పెద్దాయన ఈసారి హెడ్‌ఫోన్స్ తీయలేదు.

ఫిబ్రవరి 15

ఈ రోజు తారీఖు చూసి పెద్దాయన నవ్వారు. ఇంగ్లండ్ చర్చి 1662 ప్రార్థన పుస్తకంలో 150 కీర్తనల్ని నెలలో 30 రోజులకి, ఉదయం సాయంత్రం పంచి పెట్టారు. 15వ తారీఖు సాయంత్రానికి వచ్చేది ఒక్క 78వ కీర్తన. 73 చరణాలు. ఇప్పుడు చాలాచోట్ల కొంతే పాడతారు. ఆయన చిన్నప్పుడు మొత్తం పాడించేవారట, ఆ రోజు ఆలస్యంగా టీ తాగేవాళ్లమన్నారు.

అందుకే ఈ రోజుకి విల్‌కాక్స్ చేసిన దావీదు కీర్తనల ఎల్పీ తీశాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, బయటివాళ్లకి చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. ఇందులో పాట అనేంత పాట లేదు. ఆంగ్లికన్ చాంట్ అంటే చిన్నది ఏడు గతుల్లో పది స్వరాలు, అంతే. చరణం పొడుగైనా పొట్టిదైనా ఆ పది స్వరాల్లోనే సర్దాలి. మొదటి స్వరం మీద ఎన్ని మాటలైనా చదువుకుంటూ పోవచ్చు, ఏ అక్షరం దగ్గర స్వరం మారాలో పుస్తకంలో గుర్తులుంటాయి. తాళం లేదు. మాట ఎంత వేగంగా నడిస్తే స్వరమూ అంతే.

పెద్దాయన చేసి చూపించారు. ఒక చరణాన్ని ముందు ఊరికే చదివారు, ఎవరికో ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టు. తర్వాత అదే నడకతో పాడారు. బేస్ గొంతు ఇప్పుడు వణుకుతోంది, కానీ నడక ఒక్కచోట కూడా మారలేదు. ఎనభై దాటిన మనిషి చరణం మధ్యలో ఊపిరి తీసుకోలేదు. మన పద్యం రాగం తీసేవాళ్లు మాట విరుపుని పట్టుకుంటారే, ఆ చెవి ఇక్కడా కావాలి. తేడా ఏమిటంటే ఇక్కడ ముప్పైమంది కలిసి విరవాలి.

ఇంకో సంగతి చెప్పారు. ప్రతి చరణమూ మధ్యలో రెండు చుక్కల గుర్తు దగ్గర ఆగుతుంది. ఎంతసేపు ఆగాలో పుస్తకంలో ఉండదు, గుడిని బట్టి ఉంటుంది. మొదటి సగం గోడ దాకా వెళ్లి రావాలి, అప్పుడు రెండో సగం. ఫైల్లో ఆ ఖాళీలు ఒక్కోటీ పెద్దవి చేసి చూశాను. ఖాళీ అనుకున్నచోట గీత సున్నాకి దిగనేలేదు. ప్రతి ఖాళీలోనూ ముందు సగం ఇంకా ఉంది.

ఫిబ్రవరి 23

ఆర్గన్ వారం. 1960లలో హెచ్‌ఎంవీ తెచ్చిన గ్రేట్ కెథడ్రల్ ఆర్గన్ సిరీస్‌వి ఏడు ఉన్నాయి. ఒక్కో ఎల్పీ ఒక్కో కెథడ్రల్. అట్ట మీద ఆర్గన్‌లోని స్టాపుల (ఒక్కో రకం గొట్టాల వరసని మోగించే మీటలు) పేర్లన్నీ ఉంటాయి, వాటిని చదవడమే గంట పని.

లివర్‌పూల్‌ది ముందు వేశాను. బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద గొట్టాల ఆర్గన్ అది, 10,268 గొట్టాలు, మూడో హెన్రీ విల్లిస్ కట్టినది, 1926లో ప్రతిష్ఠించారు. ఆ కెథడ్రల్ 1904లో మొదలై 1978లో గానీ పూర్తికాలేదు. అంటే ఈ ఎల్పీలో మోగుతున్నది ఇంకా కడుతున్న గుడి. ఆ కొలతలో ఆ గుడి ఇప్పుడు లేదు. ఇది తెలిసాక బుస మీద నాకున్న చిరాకు పూర్తిగా పోయింది.

ఇక్కడే రెండో తప్పు బయటపడింది. టర్న్‌టేబుల్ గురగుర పోవడానికి ప్రీ-ఆంప్‌లో (ముల్లు నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే పెట్టె) 30 హెర్ట్జ్ కింద కోసేసే ఫిల్టర్ మొదటి నుంచీ వేసే ఉంచాను. క్వయర్లకి ఇబ్బంది రాలేదు. ఆర్గన్‌లో 32 అడుగుల గొట్టం ఉంటుంది, దాని అట్టడుగు స్వరం సెకనుకి 16 ఊపులు. అది వినపడదు, నేల నుంచి అరికాలికి తెలుస్తుంది. ఒక పాట చివర కాలి మీటల మీద కింది ఎఫ్ స్వరం చాలాసేపు నిలుస్తుంది. అది 22 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. నా ఫైల్లో అక్కడ ఏమీ లేదు. ఫిల్టర్ తీసి మళ్లీ ఎక్కించాను. స్పెక్ట్రమ్‌లో 22 దగ్గర సన్నటి గీత నిలబడింది. ముల్లు చేతి ఊపు 10 హెర్ట్జ్ ప్రాంతంలో వస్తోంది కాబట్టి ఇప్పుడు 14 కింద మాత్రం కోస్తున్నాను. అప్పటికే ఎక్కించిన నాలుగు ఆర్గన్ ఎల్పీలు మళ్లీ చేయాలి.

ఆర్గన్ ఎల్పీలు కష్టమైనవి. ఎల్పీ వెలుపలి అంచున గాడి ముల్లు కింద సెకనుకి 50 సెంటీమీటర్లు పరుగెడుతుంది, లోపలికొచ్చేసరికి 21. అదే శబ్దం ఇరుకు చోట్లో సర్దుకోవాలి, బొంగురుపోతుంది. ఆర్గన్ పాటలేమో అన్నీ చివర్లోనే పూర్తి గొంతెత్తుతాయి, సరిగ్గా లేబుల్ పక్కన. ముల్లు కోణాన్ని లోపలి గాళ్లకి అనుకూలంగా మళ్లీ సర్దితే కొంత నయమైంది.

ఒక రికార్డుకి మధ్య రంధ్రం కొంచెం పక్కకి పడింది. మామూలు పాటలో తెలియదేమో. ఆర్గన్ స్వరం గీత గీసినట్టు నిలుస్తుంది కాబట్టి ప్రతి 1.8 సెకన్లకి ఒకసారి, అంటే చుట్టుకి ఒకసారి, శ్రుతి ఊగడం స్పష్టంగా తెలిసింది. పెద్దాయన అనుమతి తీసుకుని సన్నటి గుండ్రటి ఆకురాయితో రంధ్రాన్ని వెంట్రుకవాసి పెద్దది చేశాను. ముల్లు చేయి అటూ ఇటూ ఊగకుండా నిలబడేదాకా రికార్డుని వేలితో జరుపుతూ పోయాను. ఇరవై నిమిషాలు పట్టింది. శ్రుతి నిలబడింది.

భస్మ బుధవారం

ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస కాలం మొదలయ్యే రోజు. దీనికి ఒకటే రికార్డు. 1963 మార్చిలో కింగ్స్‌లో విల్‌కాక్స్ రికార్డు చేసిన, ఇటలీ సంగీతకర్త అల్లెగ్రి రాసిన మిజెరెరె. 51వ కీర్తన, పశ్చాత్తాపపు పాట. రోములో పోపు చాపెల్ కోసం రాసినది. ఇక్కడ 1951లో ఐవర్ ఆట్కిన్స్ తయారుచేసిన ప్రతిలో, ఇంగ్లీషులో పాడారు. పై గొంతు రాయ్ గుడ్‌మన్‌ది, అప్పటికి పన్నెండేళ్లు. రగ్బీ ఆడి మట్టికొట్టుకున్న మోకాళ్లతో నేరుగా వచ్చి పాడానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

పెద్ద క్వయర్ ఒక చరణం, మగవాళ్లు ఉట్టి చాంట్‌లో ఒక చరణం, దూరం నుంచి చిన్న గుంపు ఒక చరణం. ఆ చిన్న గుంపులోంచి పిల్లాడి గొంతు పై సి స్వరానికి ఎక్కుతుంది, ఐదు సార్లు. ఎక్కాక ఆపుకోదు, మెల్లగా మెట్లు దిగుతుంది.

మూడో సి మీద సరిగ్గా గీత. రికార్డు కొన్నప్పటి నుంచీ అక్కడ ఠప్ మని వస్తూనే ఉందట, ఆయనకి అది పాటలో భాగమైపోయింది. తీయనా వద్దా అని అడిగాను. కాసేపు ఆలోచించి తీయమన్నారు. పెద్దది చేస్తే స్వరం నునుపైన అలలా ఉంది, అందులో నలభై శాంపిళ్ల మేర ముల్లులా లేచిన గీత. ఎంచుకున్నాను, పూరించాను. ఊపిరి బిగబట్టి వేశాను. పిల్లాడు ఎక్కాడు, నిలిచాడు, దిగాడు. పెద్దాయన ఆ క్షణానికి ముందే కళ్లు చికిలించుకుని ఠప్ కోసం సిద్ధంగా ఉన్నారు. అది రాలేదు.

మార్చి 16

78 రికార్డు, ఆయన అమ్మగారిదే ఇంకొకటి. లండన్ టెంపుల్ చర్చి క్వయర్, 1927లో హెచ్‌ఎంవీ సంచార రికార్డింగ్ వ్యాన్ తీసుకెళ్లి చేసినది. మెండెల్సన్ పాట, పాడింది ఎర్నెస్ట్ లఫ్, పదిహేనేళ్లవాడు, ఆర్గన్ దగ్గర జార్జ్ తాల్‌బెన్-బాల్. ఎంత అమ్ముడుపోయిందంటే అచ్చు అరిగిపోయి 1928లో మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చింది.

ముల్లు మార్చాను. 78 గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి 75 మైక్రాన్ల మొన కావాలి, ఎల్పీ ముల్లు గాడి అడుగున తేలిపోతుంది. ఎల్పీలకి పెట్టిన ఆర్‌ఐఏఏ సర్దుబాటు, అంటే గాడి కోసేటప్పుడు పై స్వరాల్ని పెంచి, వినేటప్పుడు తగ్గించే పద్ధతి, అప్పటికి లేదు. మామూలు ప్రీ-ఆంప్‌లో వేస్తే పై స్వరాలన్నీ దుప్పటి కప్పినట్టు అణిగిపోయాయి. ఆ సర్దుబాటు తిరగేసి తీశాక పిల్లాడి గొంతు బయటికొచ్చింది. పాట రెండు వైపులకి విరిగి ఉంది. ఒకే ఫైలుగా అతికిద్దామనుకున్నాను, మోత సరిపోలేదు. విరుపుని విరుపుగానే ఉంచాను.

1941 మే 10 రాత్రి బాంబు దాడిలో ఆ చర్చి కప్పు కాలిపోయింది, ఆర్గన్ నాశనమైంది. తర్వాత బాగు చేశారు, వేరే ఆర్గన్ పెట్టారు. ఈ లక్క పళ్లెంలో మోగేది మాత్రం పాత ఆర్గనే, పాత కప్పు కిందే. బుస చాలా ఉంది. ముట్టుకోలేదు.

మార్చి 22

నాన్నకి ఫోన్‌లో వినిపించాను, కీర్తన ఒకటి.

"తాళం ఏదమ్మా ఇందులో?"

"లేదు నాన్నా. మాట నడకే."

"మరి అందరూ ఎట్లా కలుస్తున్నారు?"

"రోజూ పాడతారు."

కాసేపు ఏం మాట్లాడలేదు. మళ్లీ వేయమన్నారు. రెండోసారి అయ్యాక, "మధ్యలో ఆగినప్పుడు కూడా ఏదో నడుస్తుంది కదా, ఫోన్లో సరిగా అందట్లేదు. ఈసారి వచ్చినప్పుడు మంచిది పట్టుకురా" అన్నారు. ఫోన్‌లో కూడా ఆయనకి అది తెలిసింది.

ఏప్రిల్ 6

47 ఎల్పీలు పూర్తి, 14 ఉన్నాయి. క్వయర్ రికార్డులన్నిట్లోనూ పై స్వరం పాడింది మగపిల్లలే. 1991లో సాల్స్‌బరీ కెథడ్రల్ ఆడపిల్లల క్వయర్ మొదలుపెట్టాక వచ్చిన రికార్డులు ఈ పెట్టెల్లో లేవు. పెద్దాయన ఎల్పీలు కొనడం అంతకుముందే ఆపేశారు. డిస్కులో ఆ ఫోల్డర్ కూడా ఉండాలని సీడీలు నేనే కొన్నాను, ఆయనకి చెప్పాను. తన మనవరాలు కూడా ఇప్పుడు పాడుతోందని మురిసిపోయారు.

ఈ ఫైళ్లు ఆన్‌లైన్‌లో పెట్టను. 1963 నుంచి విడుదలైన రికార్డుల మీద ఇక్కడ హక్కులు 70 ఏళ్లు.

నిన్న సాయంత్రం హవెల్స్ నుంక్ దిమిత్తిస్ చివరిసారి సరిచూసుకున్నాం. ఫైలు ఎక్కడ ముగించాలో తేల్చుకోవాలి. నేను మోత అయిపోగానే మెల్లగా తగ్గించి ఆపుదామన్నాను. ఆయన చేయెత్తి ఆగమన్నారు. ఆమెన్ అయింది, మోత సన్నబడింది, నా చెవికి అయిపోయింది. ఆయన చేయి ఇంకా దింపలేదు. బుస, రెండు చిన్న చిటపటలు, బుస. అప్పుడు దింపారు. ఆయన చేయి దింపిన చోట గుర్తు పెట్టాను. ఆమెన్ నుంచి ఏడు సెకన్ల పైన ఉంది. మిగతా 46 ఎల్పీల్లోనూ ప్రతి పాట చివరా అంత వదలాలి. చాలావాటిలో నేను నాలుగు దగ్గర కోసేశాను. అసలు ఫైళ్లు ఉన్నాయి కాబట్టి మళ్లీ ముల్లు పెట్టనక్కర్లేదు, కోతలు మాత్రం జరపాలి. రేపు ఆఫీసు అయ్యాక మొదటి పెట్టె నుంచి మొదలు.